పాత ఇంట్లో కొత్త కాపురం

పడగొట్టడానికి జేసీబీకి ఒక్క పూట చాలు. అదే ఇంటిని నిలబెట్టుకోవాలంటే ఓపిక కావాలి, కాస్త తెలివిడి కావాలి. తాతలు కట్టిన ఇంట్లో ఈ కాలం సౌకర్యాలు అమర్చుకోవడం ఎలా?

దసరాకో సంక్రాంతికో పట్నం నుంచి కొడుకులు దిగుతారు. మొదటి రోజు పిండివంటలు, పలకరింపులతో సరిపోతుంది. రెండో రోజు ఇంటి ముచ్చట మొదలవుతుంది.

''ఇది తీసేసి మంచిగ స్లాబేద్దామమ్మా. ఏసీ పెట్టిస్త.''

''స్లాబు కింద నేనుండలేను బిడ్డా. నా పాణం ఉన్నన్నాళ్ళు ఈ అర్రలనే ఉండనియ్యరాదూ?''

''రాత్రిపూట బాత్రూముకు పెరట్లకు పోవాల్నాయె. చీకట్ల కాలు జారితే ఎవరు చూస్తరు?''

నల్గొండ నుంచి హాలియా మీదుగా సాగర్ వెళ్ళే దారిలో ఉన్న పెద్దవూర మొదలుకొని అటు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట వరకూ ఏ ఊళ్ళోనైనా వినిపించే సంభాషణే ఇది. చిత్రం ఏమిటంటే ఇందులో తల్లి మాటా నిజమే, కొడుకు మాటా నిజమే. మందపాటి గోడల మధ్య ఆమెకు దొరికే చల్లదనం స్లాబు కింద దొరకదు. డెబ్భై ఏళ్ళ మనిషి అర్ధరాత్రి పెరటి మెట్లు దిగడమూ మంచిది కాదు. ఈ రెంటిలో ఒకటే ఎంచుకోవాలనుకోవడం దగ్గరే పొరపాటంతా ఉంది. చాలా ఇళ్ళలో ఇల్లు కూల్చాల్సిన పని లేదు, బాత్రూము కట్టాల్సిన పని మాత్రమే ఉంది!

సున్నపురాయి సీమలో సిమెంటు మోజు

ఈ ప్రాంతపు ఇళ్ళ కథ తెలియాలంటే కాల్వ కథ తెలియాలి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాల్వ పారిన చోటల్లా వరి వచ్చింది. మిర్యాలగూడలో రైసు మిల్లులు వెలిశాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. అంతకుముందు మట్టిమిద్దె, గూనపెంకుటిల్లు, కలిగినవాళ్ళకైతే డంగుసున్నంతో కట్టిన భవంతి... ఇవే ఇళ్ళు. కాల్వ వచ్చాక ఒక తరం పాత ఇంటి పక్కనే స్లాబు గది వేసుకుంది. తర్వాతి తరం మొత్తం పడగొట్టి మేడ కట్టింది.

అటు వాడపల్లి, మట్టంపల్లి, హుజూర్‌నగర్ వైపు నేలలో ఉన్నదంతా సున్నపురాయే. ఒకప్పుడు ఆ రాయిని బట్టీలో కాల్చి సున్నం చేసి ఇళ్ళు కట్టేవారు. అదే రాయి కోసం తర్వాత సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. బస్తా ఇంటి ముందుకే వచ్చి పడుతుంటే సున్నం గుంతలు తవ్వేదెవరు, డంగు తిప్పేదెవరు? పది పదిహేనేళ్ళు గడిచేసరికి మేస్త్రీల చేతులు కూడా సున్నాన్ని మరిచిపోయాయి. పాత ఇంటికి మరమ్మతు అనగానే మేస్త్రీ మొదట అడిగేది సిమెంటు ఎన్ని బస్తాలు తెప్పిస్తారనే. సమస్య కూడా సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

గోడకూ గాలి ఆడాలి

మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడ అడుగున్నర నుంచి రెండడుగుల మందం ఉంటుంది. పగలంతా ఎండను తాగుతూనే ఉంటుంది కానీ ఆ వేడి లోపలి గదికి చేరేసరికి పొద్దు గూకుతుంది. నాలుగైదు అంగుళాల స్లాబు అలా కాదు. మధ్యాహ్నానికే కాలిపోయి, రాత్రంతా ఆ సెగను కింద పడుకున్నవాళ్ళ మీదికి వదులుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్ళలో ఇది చిన్న తేడా కాదు. ముసలమ్మ మొండిపట్టు అనుకునేదాని వెనక ఉన్నది ఈ లెక్కే.

ఆ గోడకు ఇంకో గుణముంది. పాత పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది. సున్నపు పూతకు సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి ఎక్కిన తడి ఎక్కినట్టే గాలికి ఆరిపోతుంది. అలాంటి గోడ మీద 'గట్టిగా ఉంటుంది' అని సిమెంటు పూత వేస్తే ఏమవుతుంది? తడి బయటికి రాలేక లోపలే ఇంకా పైకి ఎక్కుతుంది. రెండు మూడు వానాకాలాలకు తెల్లగా ఉప్పు పూస్తుంది. పూత బోలుబోలుగా పలికి, పలకలు పలకలుగా ఊడుతుంది. అంతకంటే ప్రమాదం కంటికి కనబడదు. గోడలో దాగి ఉన్న దూలం కొసలు ఆ చెమ్మకు పుచ్చిపోతాయి. ఇల్లు పాతదై కూలిందంటారు. నిజానికి చాలాసార్లు దాన్ని కూల్చేది ఇరవై ఏళ్ళ కిందట చేయించిన 'రిపేరే'.

వాల్‌పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు కూడా ఇదే కోవలోకి వస్తాయి. గోడ నున్నగా మెరుస్తుంది కానీ దాని రంధ్రాలు మూసుకుపోతాయి. పాత గోడకు పాత సున్నమే మందు. కావాలంటే అందులో రంగు కలుపుకోవచ్చు. అడుగున జాజు పట్టీ వేస్తే ఏ డిజైనరూ ఇవ్వలేనంత అందం.

సున్నం పూతకు ఎక్కడెక్కడికో పోనక్కర్లేదు. కృష్ణ దాటితే పిడుగురాళ్ళ... సున్నపు బట్టీలకు పెట్టింది పేరు. తెచ్చిన సున్నాన్ని నీళ్ళలో చల్లార్చి, గుంతలో నీళ్ళ కిందే కొన్ని వారాలు మగ్గనివ్వాలి. ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ళు ఇసుక, అందులో కొంత మెత్తటి ఇటుకపొడి. పాతవాళ్ళు కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి రుబ్బేవారు. దీనికి కావాల్సింది తొందర లేకపోవడం. సిమెంటు మర్నాటికి గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ నెలల తరబడి రాయిగా మారుతుంది. ఒక పొర ఆరకుండా రెండోది వేస్తే పగుళ్ళు ఖాయం. గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని సున్నం పని మొదలుపెట్టకూడదు!

దోమకొండ చెప్పే పాఠం

ఇదంతా చదవడానికి బాగుంది, ఎక్కడైనా చేసి చూపించారా అంటే... చూపించారు. కామారెడ్డి జిల్లా దోమకొండలో ఊరి నడుమ ఒక కోట ఉంది. కామినేని వంశస్థులది. లోపల అద్దాల మేడ, సున్నపు నగిషీల స్తంభాలు, కాకతీయుల కాలపు మహాదేవుడి గుడి. తెలంగాణలో ఎన్నో గడీలు ఆలనాపాలనా లేక మొండిగోడలుగా మిగిలాయి. దోమకొండకూ ఆ గతే పట్టేది. వారసులు పూనుకుని, కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ అనురాధా నాయక్ ఆధ్వర్యంలో ఏళ్ళ తరబడి పని చేయించారు. కొత్త సిమెంటు కాదు, పాత సున్నమే వాడారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దోమకొండకు 'అవార్డ్ ఆఫ్ మెరిట్' వచ్చింది. అంతకు ముందు 2010లో హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కూ ఇదే అవార్డు దక్కింది.

కోటలకూ ప్యాలెస్‌లకూ చెల్లింది గానీ నాలుగు అర్రల ఇంటికి అంత ఖర్చు ఎక్కడిదని అనిపిస్తుంది. నిజమే. నగిషీ పనికీ శిల్పులకూ పెట్టే ఖర్చు మామూలు ఇంటికి ఉండదు. కానీ అక్కడ పాటించిన సూత్రం మాత్రం చవకైనదే. ఉన్నదాన్ని ముందు బాగా చూడటం, దేన్నైతే మార్చనక్కర్లేదో దాన్ని ముట్టుకోకపోవడం.

ముందు ఒక వానాకాలం చూడండి

పాత ఇంటి పని మొదలుపెట్టేముందు వీలైతే ఒక వానాకాలం ఊరికే గమనించాలి. ఏ మూల కారుతోంది, ఏ గోడకు ఎంత ఎత్తున చెమ్మ ఉంది, వాననీళ్ళు పునాది పక్కనే నిలుస్తున్నాయా? సగం రోగాలకు మూలం ఆ నీళ్ళే. చుట్టూ మట్టి పేరుకుని, బజారు మీద రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెరిగి, ఇంటి నేల కిందికి పోయిన ఇళ్ళు ఊరికి పది ఉంటాయి. నీళ్ళు దూరంగా పోయేలా చిన్న కాల్వ తీస్తే లక్షల మరమ్మతు తప్పవచ్చు.

తర్వాత కర్ర. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని దూలాల కొసల దగ్గర, దర్వాజా కాళ్ళ దగ్గర గుచ్చి చూడాలి. దిగబడకపోతే కర్ర గట్టిది. మెత్తగా దిగితే అక్కడ చెదో పుచ్చో ఉన్నట్టు. కొస మాత్రమే పాడైతే దూలమంతా మార్చనక్కర్లేదు. చెడిన మేరకు కోసి, కొత్త కర్ర అతికించి, రెండు వైపులా ఇనుప పలకలతో బోల్టులు బిగించవచ్చు. అన్నట్టు, కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చిన ఇళ్ళలో వంటింటి పైకప్పును మరీ జాగ్రత్తగా చూడాలి. పొగచూరిన వాసానికి పురుగు తక్కువ పడుతుందని పాత వడ్రంగులు చెప్పే మాట. ఇప్పుడు ఆ పొగ లేదు.

గోడల్లో పైనుంచి కింద వరకూ చీలికలున్నా, గోడ కడుపు బయటికి వచ్చినట్టున్నా మేస్త్రీ మాట చాలదు. స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. ఒక్కటి మాత్రం ఎవరినీ అడక్కుండానే చెప్పవచ్చు... మట్టిగోడల మీద రెండో అంతస్తు వేయకూడదు. 'కింద పాతది ఉంచి పైన స్లాబేద్దాం' అన్నది వినడానికి మధ్యేమార్గంలా ఉంటుంది. అంతకు మించిన ప్రమాదం లేదు.

కోతులు చేసిన మార్పు

ఈ మధ్య పెంకుటిళ్ళు పోతున్నది ఫ్యాషన్ కోసం కాదు, కోతుల బాధ పడలేక. మంద ఒకసారి కప్పు మీద గెంతితే గూనపెంకులు చెల్లాచెదురు. వానాకాలానికి ముందు పెంకు సర్దే మనిషీ ఇప్పుడు దొరకడం లేదు. విసిగిపోయి రేకులు వేస్తున్నారు. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చోవాలంటే... అది వేరే శిక్ష.

దీనికి మధ్యదారి ఉంది. వాసాల మీద చెక్క పరిచి, దాని మీద నీళ్ళు దిగని షీటు వేసి, ఆపైన బద్దెలు కొట్టి పెంకులు పరుస్తారు. పెంకు పగిలినా నీళ్ళు ఇంట్లోకి రావు. వేడిని పెంకే ఆపుతుంది. గూనపెంకుకు బదులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే మంగుళూరు పెంకు వాడితే తేలిగ్గా జారిపోదు. మంగుళూరు పెంకు కూడా ఒకప్పుడు కొత్త ఫ్యాషనే! 1860ల్లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టాక దక్షిణాదికంతా పాకింది. ఇవాళ మనం 'పాత ఇంటి అందం' అంటున్నదాంట్లో కొంత మన ముత్తాతలు చేయించుకున్న మోడ్రన్ డిజైనే మరి.

చీకటి గదికి వెలుగు కావాలంటే గోడ పగలగొట్టి పెద్ద కిటికీ పెట్టక్కర్లేదు. నాలుగైదు గాజు పెంకులు వేస్తే చాలు. నడుమ వాకిలి ఉన్న ఇళ్ళలో వాన పడుతోందని దాన్ని ప్లాస్టిక్ షీటుతో బిగించేస్తుంటారు. దాంతో పైకి పోవాల్సిన వేడిగాలి ఇంట్లోనే తిరుగుతుంది. కప్పాలనుకుంటే చుట్టుకప్పు కంటే రెండు మూడడుగులు ఎత్తుగా, పక్కల జాలీ వదిలి కప్పాలి.

కొత్తది ఎక్కడ పెట్టాలి?

ఇక బాత్రూము. పాత అర్రల్లో ఒకదాన్ని బాత్రూముగా మార్చడం సులువనిపిస్తుంది. కానీ రోజూ బకెట్ల కొద్దీ నీళ్ళు మట్టిగోడ పక్కన పడటం మంచిది కాదు. తల్లి పడుకునే అర్ర వెనక గోడకు ఆనుకోకుండా, రెండంగుళాల సందు వదిలి, సొంత పునాది మీద చిన్న కొత్త గది కట్టాలి. వెనక తలుపు నుంచి నేరుగా అందులోకి దారి. ఇక్కడ సిమెంటు, టైల్సు, స్లాబు ఏవైనా వాడుకోవచ్చు. ఆ పని వాటిదే. నేల మీద జారని టైల్సు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, వీల్‌చైర్ పట్టేంత వెడల్పు తలుపు. ఈ రోజు అవసరం లేకపోయినా రేపు వస్తుంది. సందు మీద పైన రేకు ముక్క వంచి బిగిస్తే వాన దిగదు. సెప్టిక్ ట్యాంకు పాత పునాదికి, బావికి దూరంగా ఉండాలి.

కడప సంగతి. పసుపు రాసి బొట్లు పెట్టే కడపను నరికి నేలమట్టం చేస్తామంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. రెండు వైపులా వాలుగా చెక్క పలకలు వేస్తే కాలు తట్టుకోదు. పండగపూట పలకలు తీసి పసుపు రాసుకోవచ్చు.

కరెంటు పనిలో సర్దుబాటు కుదరదు. చెక్కపట్టీల మీది పాత వైర్లు మొత్తం తీసేయాల్సిందే. అయితే కొత్త పైపుల కోసం గోడను గాడులు గాడులుగా చెక్కితే పాత గోడ బలం తగ్గుతుంది. దూలాల పక్కగా, గోడ మూలల వెంట పైపు పైకే కనిపించేలా బిగించడం మంచిది. నల్లరంగు ఇనుప పైపు వేస్తే అదీ ఒక అందమే. సరైన ఎర్తింగు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ లేకుండా ఏసీ జోలికి పోకూడదు. ఏసీ పెడితే బయటి పెట్టె వీధి అరుగు మీద కాకుండా వెనక్కి. నిజానికి మందపు గోడల గదిలో చాలాసార్లు ఫ్యానుతోనే గడిచిపోతుంది.

నేలకు షాబాద్, తాండూరు బండలుంటే అదృష్టమే. వాటి మీద వెట్రిఫైడ్ టైల్సు పరిస్తే నేల ఎత్తు పెరిగి తలుపులు తట్టుకుంటాయి, తడి నేల నుంచి రాలేక గోడలెక్కుతుంది. బండలు ఎగుడుదిగుడైతే లేపి, కింద చదును చేసి, వెనక్కి తిప్పి పరిచినా కొత్తవైపోతాయి. వంటింట్లో మాత్రం గ్రానైట్ గట్టు, స్టీలు సింకు వద్దనడానికి ఏమీ లేదు. ఎక్జాస్టు ఫ్యాను పాత పొగగూట్లోనే అమరుతుంది.

దర్వాజా అమ్మేముందు...

పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, ఆటో వేసుకుని వచ్చేవాళ్ళుంటారు. కలప బరువును బట్టి బేరం. చెక్కడాల దర్వాజా, నిలువెత్తు స్తంభాలు, ఇత్తడి గొళ్ళాలు పోయేది పొయ్యి కట్టెల ధరకు కాస్త పైన. అవే నగరంలో రిసార్టు ముందో కాఫీ షాపులోనో పాలిష్ పెట్టుకుని నిలబడతాయి. ఇంటివాళ్ళు మాత్రం కొత్త ఇంటికి ఫ్లష్ డోరు కొనుక్కుంటారు.

దర్వాజా మీద పొరలు పొరలుగా ఉన్న రంగు గీకేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందటి ఎనామిల్ రంగుల్లో సీసం చాలా ఉండొచ్చు. పొడిగా సాండ్‌పేపర్ పట్టించకుండా, తడిపి గీకాలి. ముక్కుకు మాస్కు, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకూడదు. రంగు పోయాక టేకు మీద అవిసె నూనె రుద్దితే చాలు, తళతళలాడే వార్నిష్ అక్కర్లేదు.

కొన్ని ఇళ్ళను నిలబెట్టలేం. గోడలు ఒరిగినవి, మిద్దె కుంగినవి, అన్నదమ్ముల పంపకంలో నడిమి వాకిలికి అడ్డంగా గోడ లేచి సగం పడిపోయినవి... అలాంటి చోట జ్ఞాపకాల పేరుతో మనుషుల్ని ఉంచడం తప్పు. పడగొట్టాల్సిందే. అయితే విప్పడం వేరు, పడగొట్టడం వేరు. సాగర్ నీళ్ళలో మునిగిపోనున్న ఇక్ష్వాకుల కట్టడాలను తవ్వి తీసి, కొన్నింటిని కొండ మీదా మరికొన్నింటిని అనుపు దగ్గరా మళ్ళీ నిలబెట్టిన చరిత్ర పెద్దవూర పక్కనే ఉంది. వరంగల్ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయికీ నంబరు వేసి విప్పారు. తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో శివరాత్రి రోజున తెరిచారు.

ఇంటికీ అదే పద్ధతి. విప్పేముందు ప్రతి గోడకూ ఫోటో తీసుకోవాలి. ఏ స్తంభం ఏ దిమ్మె మీదిదో, ఏ దూలం ఏ అర్రదో సుద్దతో అంకె వేయాలి. దర్వాజా చట్రాన్ని తలుపులతో సహా ఒకటిగా తీయాలి. కొత్త ఇంటి ప్లాను గీసే ఇంజినీరుకు ఆ కొలతలు ముందే ఇవ్వాలి. ఇల్లంతా కట్టాక 'ఈ దర్వాజా ఎక్కడైనా పెట్టండి' అంటే అది షోకేసు వస్తువే అవుతుంది. ముందే చెబితే మళ్ళీ తలవాకిలవుతుంది. పాత స్తంభాలతో ముందు సాయబాను, పాత బండలతో అరుగు. కొత్త ఇల్లే అయినా సాయంత్రం పూట పక్కింటి వాళ్ళు వచ్చి కూర్చునే చోటు ఉంటుంది.

ఇక పండక్కి మొదలైన ఆ చర్చ. ఈసారి కొడుకు టేపు తెచ్చుకుని వెనక గోడ కొలవడంతో మొదలుపెడితే సరి. ఆరడుగులు బై ఎనిమిది అడుగుల స్థలం చాలు. పునాది తవ్వించడానికి వానలు పడకముందు, వేసవి మొదట్లో మంచిది. స్విచ్చి మాత్రం మంచం మీద నుంచి అమ్మ చెయ్యి అందేంత కింద పెట్టించాలి.